తోలు కోటు

మానవుడు నూలు వడకుట నేర్వకముందే తోలు ధరించెను. చలికిని, గాలికిని, ముంటికిని ఓర్వలేని తన మేనికి, తాను వేటాడిన జంతువుల తోలునే కవచముగా కప్పుకొనెను. అట్టి ప్రాచీన వస్త్రములలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. 1991వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దున, ఆల్ప్స్ పర్వతములయందు మూడువేల మీటర్లకు పైబడిన ఎత్తున, మంచులో కూరుకొనిపోయిన ఒక మనుష్యుని దేహము బయటపడెను. శాస్త్రజ్ఞులు పరీక్షించి, అతడు సుమారు 5,300 సంవత్సరముల క్రిందట జీవించినవాడని నిర్ణయించిరి. లోకము నేడు అతనిని ఓట్జి అని పిలుచుచున్నది. అతని కోటు మేకతోళ్ల ముక్కలను, గొర్రెతోళ్ల ముక్కలను కలిపి కుట్టినది. అది చినిగినపుడు మరల కుట్టుకొనిన గుర్తులు దానిపై స్పష్టముగా కలవు.

ఇట్టిదే మరియొక వస్తువు 2008లో ఆర్మేనియా దేశమున ఒక గుహయందు దొరకెను. అది ఒకే ఆవుతోలు ముక్కతో చేసిన పాదరక్ష. దాని వయస్సు సుమారు 5,500 సంవత్సరములు. దాని లోపల ఎండుగడ్డి కూరియుండెను. పాదమునకు వెచ్చదనము కొరకో, పాదరక్ష ఆకారము చెడకుండుటకో ఆ గడ్డిని కూరియుందురు. ఆ గుహ చల్లనిది, పొడిది. ఎండగాని వానగాని ఆ పాదరక్షను సోకలేదు.

చచ్చిన జంతువు తోలు రెండు మూడు దినములలోనే కుళ్లనారంభించును. అట్టి తోలు అయిదువేల యేండ్లు ఎట్లు నిలిచెను? నేడు వేలకొలది రూపాయలు పోసి కొనిన కోటు నాలుగు వర్షకాలములు గడువకముందే బూజుపట్టి, పగుళ్లువారి, పనికిమాలినదగుచున్నది. ఏల? ఈ రెండు ప్రశ్నలకును సమాధానమొక్కటే. తోలునకు ఒక స్వభావము కలదు. ఆ స్వభావమునకు అనుకూలమైన చోట నుంచినచో అది తరతరములు నిలుచును. ప్రతికూలమైన చోట నుంచినచో కొలదికాలములోనే నశించును.

ఆంగ్లేయులు జాకెట్ అని పిలుచు, నడుమువరకు దిగు పొట్టి తోలు కోటు చలిదేశములలో పుట్టినది. తొలినాటి విమానములలో నడపువాడు కూర్చుండు చోటికి పైకప్పు లేదు. ఆకాశమున ప్రతి వేయి మీటర్ల ఎత్తునకును వేడిమి సుమారు ఆరున్నర డిగ్రీల సెంటిగ్రేడు తగ్గును. ఆ చలిలో, ఆ ఎదురుగాలిలో నూలుబట్టలు చాలవు. కావున మొదటి ప్రపంచయుద్ధ కాలమునందే వైమానికులు తోలు కోట్లు తొడిగిరి. 1928లో న్యూయార్కు నగరమునందలి షాట్ అను సంస్థ మోటారుసైకిలు నడుపువారి కొరకు జిప్పుగల తోలు కోటును చేసి అమ్మెను. 1931లో అమెరికా సైన్యపు వైమానిక దళము ఏ-2 అను పేరుగల తోలు కోటును తన వైమానికులకు ఉడుపుగా నిర్ణయించెను. మోటారుసైకిలుపైనుండి జారిపడినవాని నూలుబట్ట క్షణములో చినిగిపోవును. మందమైన తోలు రోడ్డు రాపిడికి అంతకంటె ఎక్కువసేపు ఓర్చుకొని మేనిని కాపాడును. తోలు కోటు కేవలము సొగసు కొరకు పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది.

తెలుగునాట ఈ కోటుతో పని తక్కువ. ఆదిలాబాదు ప్రాంతమునను, అరకు, లంబసింగి కొండలయందును డిసెంబరు, జనవరి నెలలలో చలి మిక్కుటముగా నుండును. ఉత్తరదేశమున కొలువుచేయు సైనికులును, చలిదేశములకు చదువులకై పోయిన యువతీయువకులును తోలు కోట్లు కొని ఇంటికి తెత్తురు. ఇచట అది ఏడాదిలో పదునొకండు నెలలు బీరువాలోనే పడియుండును. కావున మన యిండ్లలో తోలు కోటు తొడుగుటచే అరుగుటకంటె దాచుటచే చెడుటయే ఎక్కువ. దానిని రక్షింపగోరువాడు మొదట తోలు ఎట్లు తయారగునో తెలిసికొనవలెను.

చర్మమునందు మూడు పొరలు గలవు. పైపొరను, అడుగునున్న కొవ్వుపొరను తొలగింపగా మిగులు నడిమిపొరయే తోలగును. అది కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులతో అల్లుకొనియుండును. బట్టలోని దారములు పడుగుపేకలుగా నిలువునకును అడ్డమునకును సాగును. తోలులోని పోగులు అట్లుగాక అన్ని దిక్కులకును పెనవైచుకొని యుండును. అందుచేతనే తోలు, బట్టవలె ఒక దారము వెంట సర్రున చిరుగదు. పచ్చితోలును ఉప్పువేసి నిలువచేసి, తరువాత నీట నానవేసి, సున్నపునీటిలో నుంచి వెండ్రుకలను ఊడదీసి, అంటియున్న మాంసమును గీకివేయుదురు. పిదప దానిని పదును చేయుదురు.

పదును చేయుటలో మన పూర్వులు మిక్కిలి నేర్పరులు. తంగేడు పట్ట, తుమ్మపట్ట, కరక్కాయ వంటి వానిని నీటనుంచి, ఆ వగరునీటిలో తోళ్లను వారములకొలది నానబెట్టుచుండిరి. ఆ వగరు పదార్థము పోగులను పట్టుకొని, సూక్ష్మజీవులకు అవి ఆహారము కాకుండ చేయును. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పముగా ఆదరము పొందుచున్న తంగేడు, పూర్వము దక్షిణదేశపు తోళ్ల పరిశ్రమకు ఆధారమైన చెట్లలో నొకటి. 1884లో అమెరికా దేశస్థుడైన అగస్టస్ షుల్ట్జ్ క్రోమియము లవణములతో తోళ్లను పదును చేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఈ పద్ధతిలో వారముల పని కొలది దినములలోనే ముగియును. తోలు మిక్కిలి మెత్తగా వచ్చును. నేటి కోట్లలో అధికభాగము క్రోము తోలుతో చేసినవే.

పదునుచేసిన తోలును అట్లే ఆరబెట్టినచో అది అట్టవలె బిరుసగును. పోగులు ఒకదానిపై నొకటి జారుటకు వానికి కొంత నూనె కావలెను. కావున పనివారు తోలునకు తైలము పట్టింతురు. ఇదిగాక, ఆరిన తోలులో సయితము నూటికి పండ్రెండు మొదలు పదునెనిమిది పాళ్ల వరకు నీరు ఉండును. ఈ నీరును నూనెయు తగుపాళ్లలో నున్నంతకాలము తోలు మెత్తగా, బలముగా నుండును. నీరు ఎక్కువైనచో బూజుపట్టును. తక్కువైనచో బిరుసై పగులును. నూనె తరిగినచో పోగులు ఒరసికొని తెగును. మితిమీరినచో తోలు వదులై ధూళిని పట్టుకొనును. తోలును కాపాడుట యనగా ఈ పాళ్లను చెడనీయకుండుటయే.

తోలునకు శత్రువులు నాలుగు: వేడి, చెమ్మ, ఎండ, మురికి. వీనిలో వేడి మిక్కిలి క్రూరమైనది. నీటిలో నున్న పచ్చితోలు సుమారు అరువది డిగ్రీల సెంటిగ్రేడు దాటగనే ముడుచుకొనిపోవును. పట్టలతో పదును చేసిన తోలు సుమారు ఎనుబది డిగ్రీలకు ముడుచుకొనును. క్రోము తోలు మరుగునీటికి సయితము ఓర్వగలదు. అయినను తడిసిన క్రోము కోటును పొయ్యియొద్దగాని, ఇస్త్రీపెట్టెతోగాని ఆరబెట్టినచో దానిలోని నీరు వేగముగా పోయి, నూనె స్థానము తప్పి, తోలు బిరుసగును. ఒకసారి ముడుచుకొనిన పోగులు తిరిగి సాగవు. ఇక చెమ్మ సంగతి: గాలిలో తేమ నూటికి డెబ్బది పాళ్లు దాటి, గాలి కదలక నిలిచియున్నచో బూజు మొలచును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీర పట్టణములలో నివసించువారు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను. ఎండ రంగును వెలవెలబోజేయును. చెమటలోని ఉప్పును, జిడ్డును మెడపట్టీని, చేతుల చివరలను నల్లబరచి కొరికివేయును.

కోటునకు ఏ ఉపచారము చేయుటకైనను ముందుగా అది ఏ జాతి తోలో తెలిసికొనవలెను. లోపలి అంచున ఎవరికిని కనబడని చోట ఒక చుక్క నీరు వేసి చూడవలెను. చుక్క ముత్యమువలె నిలిచినచో, తోలుపై రంగుపూత కలదని తెలియును. చుక్క ఇంకి ఆ చోటు నల్లబడినచో, పూతలేని సుకుమారమైన తోలని గ్రహింపవలెను. మఖమలువలె నూగుగా నుండు తోలును స్వేడ్ అందురు. దానికి నూనెగాని మైనముగాని తగులరాదు, మెత్తని కుంచెతో దులుపుటయే దాని వైద్యము. ఇక తోలువలె కనబడు కృత్రిమ వస్త్రము వేరొకటి కలదు. దానికి బట్టపై ప్లాస్టికు పూత యుండును. కొన్నియేండ్లకు ఆ పూత పొలుసులుగా రాలిపోవును. నూనె పూయుటవలన దానికి మేలు కలుగదు. కొనునపుడే అంచును పరికించి చూచినచో, లోపల పోగులు కనబడునది తోలు, నేత కనబడునది అనుకరణము అని తెలిసికొనవచ్చును.

కోటును తొడిగి వచ్చిన పిదప జేబులు ఖాళీచేసి, పొడిబట్టతో తుడిచి, కొంతసేపు గాలికి వ్రేలాడదీయవలెను. జేబులలో బరువు నిలిచియున్నచో తోలు సాగిపోవును. వానలో తడిసినచో వెంటనే మెత్తని బట్టతో అద్దవలెను, రుద్దరాదు. భుజముల వెడల్పునకు సరిపోవు కొయ్య హ్యాంగరునకు తగిలించి, నీడలో, గాలియాడుచోట తనంతట తాను ఆరనీయవలెను. ఆరుటకు రెండు దినములు పట్టినను తొందరపడరాదు. మురికిపడినచో కొంచెము తడిపి పిండిన బట్టతో తుడిచిన చాలును. బట్టలు ఉతుకు సబ్బు, సోడా, కిరసనాయిలు, పెట్రోలు తోలులోని నూనెను లాగివేయును. వానిని ఎన్నడును వాడరాదు. కోటును నీట ముంచి ఉతుకరాదు.

మన పల్లెలలో కిర్రు చెప్పులకు ఆముదము పట్టించు ఆచారము కలదు. చెప్పుతోలు మందమైనది, బురదనీటికి, ఎండకు నిత్యము ఓర్చునది. దానికి ఆముదము హితమే. అది చూచి కోటునకు సయితము ఆముదమో, కొబ్బరినూనెయో పట్టింపబోవువారు కలరు. కోటుతోలు పలుచనిది. చిక్కని నూనె దానిపై మచ్చలై నిలుచును; కాలక్రమమున కంపుకొట్టును; బూజునకు ఆహారమగును. తోలునకై తయారుచేసిన పలుచని లేపనము అంగళ్లలో కండిషనరు అను పేర దొరకును. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ముందుగా చాటునున్న చోట పరీక్షించి, మెత్తని బట్టతో పలుచగా పూసి, ఒకదినము ఆరనిచ్చి, మిగిలినదానిని తుడిచివేయవలెను. ఎక్కువ పూసినచో ఎక్కువ మేలు కలుగునని తలపరాదు.

దాచుపద్ధతి అన్నిటికంటె ముఖ్యము. ప్లాస్టికు సంచిలో కట్టి పెట్టిన కోటు లోపలి చెమ్మ వెలుపలికి పోజాలక బూజుపట్టును. నూలుగుడ్డ సంచిని తొడిగి, వెడల్పైన హ్యాంగరునకు తగిలించి, ఇతర వస్త్రములు ఒత్తకుండ ఎడముగా నుంచవలెను. మడతపెట్టినచో మడతల వెంట పగుళ్లువారును. చేతులలో శుభ్రమైన తెల్లకాగితములను ఉండలుగా చేసి కూరినచో ఆకారము చెడదు. ఆర్మేనియా పాదరక్షలోని గడ్డి చేసిన పనియే ఈ కాగితములును చేయును. వర్షకాలమున నెలకొకసారి బయటకు తీసి నీడలో గాలికి పెట్టవలెను. మందుల సీసాలలో వచ్చు సిలికా జెల్ పొట్లములు బీరువాలోని చెమ్మను పీల్చును. నాఫ్తలీను ఉండలు వాడినచో అవి తోలును తాకకుండ చూడవలెను. ఒకవేళ తెల్లని బూజు కనబడినచో, కోటును ఆరుబయటకు తెచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, మెత్తని కుంచెతో దులిపి, తడిపి పిండిన బట్టతో తుడిచి, నీడలో ఆరబెట్టవలెను. బీరువాను సయితము పొడిబట్టతో తుడువవలెను. లేనిచో బూజు తిరిగివచ్చును.

చిన్న చిరుగును చూచి ఉపేక్షింపరాదు. అయితే సాధారణపు సూదితో కుట్టబోవుట ప్రమాదము. బట్టలో సూది దారములనడుమ దూరిపోవును. తోలులో పడిన రంధ్రము శాశ్వతముగా నిలుచును. దగ్గర దగ్గరగా కుట్లు వేసినచో కాగితమునకు చిల్లులు పొడిచినట్లు తోలు ఆ వరుసవెంట తెగును. చిరుగు లోపలివైపున గట్టి గుడ్డముక్కను జిగురుతో అతికించుట మేలు. పెద్ద చిరుగైనచో తోలుపని తెలిసినవాని చేతికి ఇయ్యవలెను. జిప్పు బిగిసినచో పండ్లపై మైనపువత్తిని రుద్దిన సుళువుగా కదలును.

ఇంత శ్రద్ధ ఒక కోటుపై ఏల యని అడుగవచ్చును. ఒక కోటు వెనుక ఐదారు గొర్రెల ప్రాణములు కలవు. ఆ తోళ్లను కడుగుటకు ఎంతయో నీరు వ్యయమగును. ఆ నీటిలో ఉప్పును, క్రోమియమును కలిసి వెలువడును. చిత్తూరు ప్రాంతముగుండ తమిళనాడునకు ప్రవహించు పాలారు నది, వేలూరు ప్రాంతపు తోళ్ల కార్ఖానాల మురుగునీటివలన చెడినది. దానినిగూర్చి 1996లో భారత సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పి, మురుగును శుద్ధిచేయకుండ విడుచుట తగదని శాసించెను. ఒక కోటు పదియేండ్లకు బదులు ముప్పదియేండ్లు నిలిచినచో, రెండు కొత్త కోట్లకు కావలసిన తోలును, నీరును మిగులును.

అంతకుమించిన ఋణము మరియొకటి కలదు. తోలుపని చేసినవారిని మన సంఘము ఎన్నో తరములు ఊరివెలుపల నుంచెను. వారు కుట్టిన చెప్పులు తొడిగెను. వారు చేసిన మోటతిత్తితో పొలములకు నీరు తోడుకొనెను. కాని వారిని మాత్రము తన బావియొద్దకు రానీయలేదు. వస్తువు పనికివచ్చి, చేసిన చేయి మైలయగుటకంటె అన్యాయమేమున్నది? 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణమునందు అంటరానితనమును నిషేధించెను. చట్టము చేసిన పనిని మన మనస్సులును చేయవలసియున్నది.

ఈ వృత్తియందు విజ్ఞానపు వెలుగు నింపినవారిలో తెలుగువాడైన యలవర్తి నాయుడమ్మగారు ప్రముఖులు. ఆయన 1922లో నాటి గుంటూరు జిల్లాలోని యలవర్రు గ్రామమున జన్మించెను. 1948లో మద్రాసునందు స్థాపితమైన కేంద్రీయ చర్మ పరిశోధనాలయమునకు 1958 నుండి 1971 వరకు సంచాలకుడుగా నుండెను. పరిశోధనాలయమునందు కనుగొనిన విషయములు తోలు పనివారి గుడిసెలకు చేరవలెనని ఆయన పాటుపడెను. రైతుబిడ్డ యయ్యు, విదేశములలో గొప్ప చదువులు చదివియు, లోకము చిన్నచూపు చూచిన తోలుపనినే ఆయన తన జీవితకార్యముగా నెన్నుకొనెను. 1985 జూన్ 23న ఐర్లండు తీరమునకు చేరువన కూలిన కనిష్క విమానమునందు ఆయన మరణించెను.

బాలబాలికలారా! మీ యిండ్లలో తోలు కోటు లేకపోవచ్చును. తోలు చెప్పులో, బడిసంచియో, తాతగారి తోలుపెట్టెయో, కనీసము ఒక తోలుపట్టీయో ఉండకపోదు. వానికిని ఈ నియమములే వర్తించును. నీడయు, గాలియు, కొంచెము నూనెయు, సకాలపు మరమ్మతును వానికి చాలును. వానిని తుడుచునపుడు, ఆ తోలును ఈనాటివరకు నిలుపుటకు సున్నపుతొట్టిలో చేతులు కాల్చుకొనిన పనివానిని ఒకసారి తలచుకొనుడు. అతనికి మనము చెల్లింపగల గౌరవము, అతడు చేసిన వస్తువును పాడుచేయకుండుటతో ఆరంభమై, అతనిని మనతో సమానముగా చూచుటతో పూర్తియగును.

ప్రశ్నలు

1. తోలు, బట్టవలె ఒక దారము వెంట చిరుగకుండుటకు కారణమేమి?
2. మన ప్రాంతమున తోలు కోటు తొడుగుటకంటె దాచుటచే ఎక్కువగా చెడునని ఏల చెప్పబడినది?
3. తడిసిన తోలును పొయ్యియొద్ద ఆరబెట్టరాదు. ఏల?
4. చెప్పులకు ఆముదము హితమైనను కోటునకు హితము కాదు. కారణము వివరింపుడు.
5. తోలు వస్తువును జాగ్రత్తగా వాడుకొనుటచే మనము ఎవరెవరి ఋణమును తీర్చుకొనుచున్నాము?
6. మీ యింటనున్న ఒక తోలు వస్తువును పరీక్షించి, దాని స్థితిని, దానికి చేయవలసిన ఉపచారమును పది వాక్యములలో వ్రాయుడు.